సర్కారు నిప్పు

మా నల్లబండకు రెండే కాలాలు. ఒకటి ఎండాకాలం. రెండోది, ఎండాకాలం వస్తుందేమోనని భయపడే కాలం. అట్లాంటి ఊరికి ప్రభుత్వం వారు విమానాశ్రయం ఇచ్చారు. మేము అడిగింది మంచినీళ్ళ పైపు. మంజూరు చేసేవారి బల్ల మీద ఏ కాగితం పైన ఉందో ఏమో, విమానాలు వచ్చాయి. ఇచ్చినదాన్ని కాదంటే ఇంకోసారి ఇవ్వరని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అందుకని తీసుకున్నాం.

గంపెడు విమానాలేమీ రావు. పొద్దున ఒకటి వచ్చి, వచ్చిన దారినే పోతుంది. సాయంత్రం ఒకటి వస్తానంటుంది, ఒక్కోసారి వస్తుంది కూడా. వాటికి దారి చెప్పడానికి ఒక టవర్ కట్టారు. తెల్లగా, పొడుగ్గా, కొసన గాజు గదితో, చేలో ఒంటరిగా నిలబడ్డ జొన్న కంకిలా ఉంటుంది. దాని పాదం దగ్గర రేకుల షెడ్డు నాది. టవర్‌కు పునాది తీసేటప్పుడు మేస్త్రీలకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ చేసి పెట్టడానికి అక్కడ పొయ్యి రాజేశాను. పని అయిపోయి మేస్త్రీలు పోయారు. టవర్ మిగిలింది, నా పొయ్యీ మిగిలింది. మా ఆయన పోయాక నేను ఎవరి గడప తొక్కకుండా బతికానంటే ఆ పొయ్యి వల్లే. అది ఆరిపోతే ఈ ఓబుళమ్మకు ఇంకో దారి లేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథంతా దాన్ని ఆర్పడం గురించే.

టవర్ పైన ఇద్దరు ఉంటారు. పెద్దవాడు మస్తాన్‌వలి, మా పక్క ఊరే. చిన్నది సుభాషిణి, ఆదోని పిల్ల. విమానాలతో ఇంగ్లీషులో ఎంత మెత్తగా మాట్లాడుతుందో, మస్తాన్‌తో తెలుగులో అంత గట్టిగా మాట్లాడుతుంది. వాళ్ళకు కిందికి దిగే తీరిక ఉండదు. అందుకని పైనుంచి తాడు కట్టిన బుట్ట వదులుతారు. నేను అందులో ఉగ్గాని పొట్లాలు పెడతాను. లాక్కుంటారు. ఇన్నేళ్ళలో ఒక్క బజ్జీ కూడా కింద పడలేదు.

ఆ ఏడు రోహిణి కార్తెలో, రోళ్ళు పగిలే ఎండలో, పైన ఏసీ చెడిపోయింది.

"అవ్వా! ఈ పొద్దు బజ్జీలు నూనెలో ఏయొద్దు!" అని మస్తాన్ పైనుంచి అరిచాడు.

"యాలప్పా?"

"పచ్చివే పంపీ. ఈడ బల్ల మీద పెడితే అవే ఏగతాయి!"

సుభాషిణి పైవాళ్ళకు రాసింది. ఏసీ బాగు చేయించండి, అంతే, ఇంకేమీ వద్దు అని. బాగు చేసే మనిషి రాలేదు. పరాంకుశరావు గారు వచ్చారు. ఆయన ఉన్నతీకరణ ప్రత్యేకాధికారి. ఇస్త్రీ చెదరని చొక్కా, చెమట పట్టని మొహం. ఆయనకు చెమట పట్టకపోవడం చూసి నాకు గౌరవం కలిగింది. పెద్ద చదువులు చదివితే చెమట కూడా అడిగి వస్తుంది కాబోలు.

టవర్ కింద నిలబడి ఆయన ఇట్లా సెలవిచ్చారు.

"మరమ్మతు అనేది కాలం చెల్లిన భావన. మరమ్మతుకు మా వద్ద పద్దు లేదు. ఉన్నతీకరణకు ఉన్నది. తాపనము, శీతలీకరణము, అగ్ని భద్రత, ఈ మూడింటి సమగ్ర ఉన్నతీకరణకు మీ టవర్ ఎంపికైనది. దేశమంతటికీ ఒకే ప్రమాణం. మంచు కురిసే కొండల్లోని టవర్‌కు ఏమేమి అమర్చబడునో, మీకూ అవే అమర్చబడును. మీరేమైనా తక్కువ వారా?"

"తక్కువోళ్ళం కాదు సార్. మాకు సలి తక్కువ" అన్నాడు మస్తాన్, పై కిటికీలోంచి.

"సార్, ముందు ఏసీ పెట్టించండి సార్. హీటర్ నిదానంగా చలికాలంలో చూసుకుందాం" అంది సుభాషిణి, మొహం మీది తడి తువ్వాలు ఎత్తి.

"ఫైలులో తాపనము ముందున్నది. దశలను అతిక్రమించరాదు. మొదటి దశ విజయవంతం కానిదే రెండవ దశ లేదు, రెండవది కానిదే మూడవది లేదు."

అప్పుడు ఆయన కన్ను నా షెడ్డు మీద పడింది.

"అది ఏమిటి?"

"పొయ్యి సార్" అన్నాను.

"ఏం చేయును?"

"మండుతుంది సార్."

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు. "మూడవ దశలో ఇది తొలగింపబడును. మొదటి రెండు దశలూ విజయవంతమైన మరుక్షణం."

నేను పోయి పొయ్యికి అడ్డంగా నిలబడ్డాను. అయినా పెద్దాయన మీద కోపం తెచ్చుకోకూడదు కదా. ఆ రాత్రి దేవుడికి మొక్కుకున్నాను: సామీ, ఆ సార్‌కు విజయం ఇవ్వు. కానీ నిదానంగా ఇవ్వు.

దేవుడు నా మాట సగమే విన్నాడు.

హీటర్లు లారీలో వచ్చాయి. గాజు గదిలో ఒక గోడంతా అమర్చారు. పక్కన చలిని కనిపెట్టే డబ్బా ఒకటి బిగించారు. గది పది డిగ్రీలకు పడిపోతే ఆ డబ్బా గుర్తుపట్టి హీటర్లను తనంతట తానే వెలిగిస్తుందట. అది వెలిగినట్టు కళ్ళారా చూస్తే తప్ప సార్ సంతకం పెట్టరు.

"ఈ ప్రాంతంలో పది డిగ్రీలు ఎప్పుడు పడును?" అని అడిగారు.

నేనే చెప్పాను. "నా చిన్నప్పుడు ఒకసారి వడగళ్ళ వాన కురిసింది సార్. మా మేనత్త బర్రె ఈనిన ఏడు. పొద్దున లేచేసరికి వాకిట్లో తెల్లగా ఉంటే, ఎవరో బొరుగులు పారబోశారని మా జేజవ్వ తిట్టుకుంటూ ఊడ్చింది. ఆ పొద్దు మాత్రం చలేసింది."

"మరల ఎప్పుడు పడును?"

"బర్రె చచ్చిపోయింది సార్."

ఆయన ఆలోచించి, చలిని సేకరించమని ఉత్తర్వు ఇచ్చారు. చేపల లారీల దగ్గర నుంచి ఐసు గడ్డలు తెప్పించి, గోనెసంచిలో చుట్టి, ఆ డబ్బా చుట్టూ కట్టారు. డబ్బా పాపం ఎక్కడో కొండల్లో పుట్టింది, ఇంటికి వచ్చాననుకుంది. హీటర్లు భగ్గున వెలిగాయి. గదిలో ఉన్నవాళ్ళందరూ బయటికి పరిగెత్తారు. పరాంకుశరావు గారు మాత్రం మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టారు.

"మొదటి దశ దిగ్విజయం!"

"సార్, ఆపండి సార్!" అంది సుభాషిణి.

"డబ్బాకు ఇంకనూ చలి వేయుచున్నది. చలి వేయుచుండగా తాపనమును నిలుపుట అమానుషం."

"నాకు కాలతాంది సార్!"

"మీకు కాలుట, డబ్బాకు చలి వేయుట, ఇవి రెండు వేర్వేరు అంశములు."

పై కమిటీ వచ్చి చూసే దాకా ఐసు మార్చుతూనే ఉన్నారు. గాజు గదిలో చేపల వాసన, ఆవిరి. పొద్దున విమానం పైలట్ ఎప్పటిలాగే ఉష్ణోగ్రత ఎంత అని అడిగాడట. "బయటిదా, లోపలిదా?" అని ఈ పిల్ల ఎదురు అడిగిందట. ఆ మాట మస్తాన్ బుట్టతో పాటు కిందికి చెప్పి పంపాడు. నేను నవ్వాను. నవ్వాక గుర్తొచ్చింది, ఒక దశ అయిపోయిందని.

రెండో దశకు చల్లబరిచే యంత్రం వచ్చింది. దాన్ని పైకి ఎక్కించడానికి క్రేను తెచ్చారు. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలంటే గది బాగా వేడిగా ఉండాలట.

"అదృష్టవశాత్తు, మొదటి దశ విజయం వలన వేడికి కొరత లేదు" అన్నారు సార్, ఎంతో తృప్తిగా. "దశల క్రమంలోని విజ్ఞత ఇప్పుడు మీకు బోధపడినదా?"

యంత్రం వేశారు. ఎదుటి గోడ నుంచి చల్లగాలి తుపానులా వచ్చింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ గాలి పోయి డబ్బాకు తగిలింది. డబ్బాకు చలేసింది. హీటర్లు వెలిగాయి. గది వేడెక్కిందని యంత్రం ఇంకా గట్టిగా ఊదింది. డబ్బాకు ఇంకా చలేసింది. అట్లా రెండూ పోటీపడ్డాయి. ఊళ్ళో లైట్లు మినుకుమన్నాయి. బోరు మోటార్లు ఆగిపోయి రైతులు గేటు దగ్గరికి వచ్చారు.

"సార్, రెండూ కొట్టుకుంటుండాయి" అన్నాడు మస్తాన్.

"కొట్టుకొనుట కాదు. రెండు వ్యవస్థలూ ఏకకాలంలో పూర్తి సామర్థ్యంతో పనిచేయుచున్నవి. ఇట్టిది ఏ టవర్‌లోనూ ఇంతవరకు సాధింపబడలేదు."

ఆ గదిలో ఒక గోడ దగ్గర వైశాఖం, ఇంకో గోడ దగ్గర పుష్యం. మస్తాన్ చలి గోడ పక్కన గొంగడి కప్పుకొని కూర్చున్నాడు. సుభాషిణి వేడి గోడ పక్కన తడి తువ్వాలుతో కూర్చుంది. మధ్యాహ్నం కాగానే రొట్టెను పెనం మీద తిప్పినట్టు ఇద్దరూ చోట్లు మార్చుకునేవారు. "ఒక పక్క కాలినాంలే, ఇంగో పక్క కాల్చుకుందాం పా" అనేవాడు మస్తాన్.

నేను మాత్రం కింద పొయ్యి ముందు కూర్చొని, రెండో దశ కూడా గెలిచిందే అని దిగులుపడ్డాను. ఎన్ని కట్టెలు పెట్టినా ఆ రోజు మంట నాకు చిన్నగానే కనిపించింది.

మరునాడే ఎర్ర బండిలో ఆశీర్వాదం వచ్చాడు. అగ్నిమాపకం ఇన్‌స్పెక్టరు. మంచివాడు. బకెట్ పక్కన పెట్టి ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"అవ్వా, ఏమనుకోవద్దు. ఆర్పేయమని ఆర్డర్."

"ఆర్పుదువులే నాయనా. ముందు తిను. వాయి దించుతుండాను."

తిన్నాడు. ఇంకో రెండు అడిగాడు. ఇంకో రెండు పెట్టాను. బజ్జీలోకి ఉల్లిపాయ కొరుక్కుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయకో, నాకోసమో తెలియలేదు.

"బాగుండాయి అవ్వా. ఇట్లాంటి పొయ్యిని ఆర్పాలంటే సెయ్యి రాదు."

"సెయ్యి రాకపోతే కాలితో తన్ను నాయనా. ఉద్యోగం కదా."

బకెట్ ఎత్తాడు. సరిగ్గా అప్పుడు పరాంకుశరావు గారు జీపు దిగారు.

"ఆగుము! అగ్ని భద్రతా వ్యవస్థ అమర్చబడినది. పరీక్షింపబడలేదు. నిజమైన నిప్పు పొగ తగిలి గంట మోగినట్లు నీవు ధ్రువీకరించవలెను."

"దానికేం సార్. ఒక అగ్గిపుల్ల గీస్తా" అన్నాడు ఆశీర్వాదం.

"అగ్గిపెట్టె ఈ ఆవరణలో నిషిద్ధ వస్తువు. ఇచట కొత్తగా నిప్పు పుట్టించరాదు. పుట్టించవలెనన్న, అగ్ని భద్రత ఉన్నట్లు నీ ధ్రువపత్రం ఉండవలెను."

"నేను ధ్రువపత్రం ఇయ్యాలంటే నిప్పు పెట్టి సూడల్ల కద సార్."

"ఉండవలెను."

"ఏముండల్ల సార్?"

"ధ్రువపత్రం."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరి తలలూ మెల్లగా నా పొయ్యి వైపు తిరిగాయి.

"కొత్తగా పుట్టించరాదన్నారు" అన్నారు సార్, గొంతు తగ్గించి. "పూర్వమే ఉన్నదానిని వినియోగించరాదని ఎచ్చటనూ లేదు."

అట్లా నా పొయ్యి బతికింది. బతకడమే కాదు, దానికి ఉద్యోగం వచ్చింది. 'ప్రమాణ నిప్పు' అని పేరు పెట్టారు. చుట్టూ తాడు కట్టారు. బోర్డు పెట్టారు. ఒక జవానును కాపలా నిలబెట్టారు. బోర్డు మీద ఏముందని అడిగితే మస్తాన్ చదివి వినిపించాడు: ఇది సర్కారు నిప్పు. దీనిని ఆర్పరాదు, పెంచరాదు, దీనిపై వండరాదు.

"వండరాదా?" అన్నాను.

"వండితే ప్రమాణం మారిపోవును" అన్నారు సార్.

"సార్, మండే పొయ్యి మీద బాండ్లి పెట్టకపోతే అది పొయ్యి ఎట్లవుతుంది? చితి అవుతుంది."

ఆయన ఆ మాట రాసుకోలేదు.

దినమూ కట్టెలు సర్కారువే వచ్చేవి. మంట చక్కగా మండేది. దాని ముందు నేను చేతులు ముడుచుకొని కూర్చునేదాన్ని. బుట్ట ఖాళీగా దిగేది, ఖాళీగా ఎక్కేది. ఆర్పేస్తారని ఏడ్చినదాన్ని, ఆర్పకుండా ఇట్లా చేస్తారని అనుకోలేదు. ఆకలితో పైన ఇద్దరి గొంతులూ సన్నబడ్డాయి.

పరీక్ష కూడా సాగడం లేదు. వేప మండలు వేశారు. కొబ్బరి పీచు వేశారు. ఎంత పొగ పెట్టినా, పైకి పోయేసరికి చల్లని యంత్రం ఒక్క ఊదు ఊది చెదరగొట్టేది. గంట మోగలేదు. యంత్రాన్ని ఆపితే తప్ప పొగ గంటకు చేరదు, యంత్రాన్ని ఆపితే రెండో దశ ఓడిపోయినట్టు. సార్ చొక్కా మీద మొదటిసారి చిన్న చెమట చుక్క చూశాను.

అప్పుడు మస్తాన్ పైనుంచి అరిచాడు. "సార్! ఉత్త పొగతో కాదు సార్! ఎండు మిరపకాయల తిరగమోత పొగ అయితే ఏ గాలికీ చెదరదు!"

"అది ప్రమాణ పొగ అగునా?" అని సార్ ఆశీర్వాదాన్ని అడిగారు.

ఆశీర్వాదం మొహం తిప్పకుండా చెప్పాడు. "మిరపకాయ పొగతో పాటు ఉగ్గాని, బజ్జీ ఉంటే ఇంకా ప్రమాణంగా ఉంటుంది సార్."

నాకు ఉత్తర్వు వచ్చింది, ప్రయోగాత్మకంగా వండమని. జవాను తాడు విప్పాడు. ఎన్ని రోజుల తర్వాతో బాండ్లి పెట్టాను. నూనె కాగుతుంటే వచ్చే చప్పుడు విని నాకే కడుపు నిండింది. గుప్పెడు మిరపకాయలు వేసి, అవి నల్లబడి ఘాటు లేచాక, బాండ్లిని బుట్టలో పెట్టాను. మస్తాన్ తాడు లాగాడు. బుట్ట గాజు గదికి చేరింది. ముందు ఒక తుమ్ము వినిపించింది. తర్వాత రెండు. తర్వాత గంట మోగింది. ఊరంతా వినిపించేలా మోగింది.

"విజయం! త్రిదశా విజయం!" అని సార్ జీపు చుట్టూ తిరిగారు.

గంటతో పాటు ఒక ఆడగొంతు కూడా మాట్లాడింది: భవనమును తక్షణమే ఖాళీ చేయండి, తలుపులు మూసుకొనుచున్నవి.

సుభాషిణి కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "సార్! పొద్దున విమానం వస్తాంది సార్! దగ్గరికి వచ్చేసింది!"

"ఖాళీ చేయుట ఐచ్ఛికం కాదు! విమానమును కాసేపు ఆగమని చెప్పండి!"

"యాడ ఆగల్ల సార్? ఆకాశంలో బస్టాండు ఉండాదా?"

తలుపులు మూసుకునే లోపల ఇద్దరూ చేతి రేడియో ఒకటి పట్టుకొని మెట్లన్నీ దూకుతూ దిగొచ్చారు. సుభాషిణి నా షెడ్డులోకి దూరి శనగపిండి డబ్బా మీద కూర్చుంది. మస్తాన్ నా మంచం ఎక్కి, మంచం మీద బల్ల వేసి, బల్ల మీద నిలబడి, ప్రహరీ గోడ మీదుగా రన్‌వే చూశాడు.

"వచ్చిందా?"

"రెక్క కనపడతాంది."

"ఎడమా, కుడా?"

"ఉండు తల్లీ, బల్ల ఊగతాంది! ఆ... నేరుగా ఉండాది. దిగమను!"

ఆ పిల్ల ఒక చేత్తో నా గరిటెను గట్టిగా పట్టుకుంది. గొంతు మాత్రం తేనె. ఆ గొంతు విన్న పైలట్‌కు, ఆమె శనగపిండి డబ్బా మీద కూర్చుందని ఏడు జన్మలెత్తినా తెలియదు. విమానం దిగింది. చక్రాలు నేలను తాకిన చప్పుడు విన్నాక సుభాషిణి నా భుజం మీద తల పెట్టి ఒక్క నిమిషం ఏడ్చింది. తర్వాత బజ్జీ అడిగింది.

ఇక టవర్ తలుపు తెరవాలి. తెరుచుకోలేదు. నిప్పు ఆరిపోయిందని ఆశీర్వాదం రాసిస్తేనే తెరుచుకుంటుందట.

"నిప్పు రాలేదు కద సార్. రాని నిప్పు ఆరిందని యెట్ల రాసేది?" అన్నాడు ఆశీర్వాదం.

"నిజమే. రాని నిప్పు ఆరదు" అని సార్ ఒప్పుకున్నారు. "కావున భవనం మూసియే ఉండును."

నాకు ఆయన మొహంలో దిగులు కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు. ఆయన పైకి రాసిన నివేదికలో నల్లబండ టవర్ దేశంలోకెల్లా భద్రమైన భవనమని రాశారట. లోపల మనిషే లేనప్పుడు ఏ మనిషికీ ప్రమాదం జరగదు. పైవాళ్ళు ఎంతో సంతోషించి, సన్మానానికి శాలువా కూడా పంపారు. ఆ ఎండలో ఆయన దాన్ని కప్పుకొని ఫొటో దిగారు.

విమానాలు మాత్రం ఆగవు కదా. అందుకని నా షెడ్డును 'తాత్కాలిక నియంత్రణ కేంద్రం'గా ప్రకటించారు. శనగపిండి డబ్బా మీద మెత్త వేశారు. రేకు మీద ఏరియల్ కట్టారు. ప్రయోగాత్మకంగా వండమన్న ఉత్తర్వు ఇంకా రద్దు కాలేదు కాబట్టి, సుభాషిణి రేడియో మాట్లాడుతుంటే నేను పక్కన ఉల్లిపాయలు తరిగేదాన్ని. పనులు బాగానే సాగాయి. ఇంత సుఖంగా ఉంటే ఎవరికో కన్ను కుడుతుందని అనుకుంటూనే ఉన్నాను.

సార్ మళ్ళీ జీపు దిగారు.

"నియంత్రణ కేంద్రం లోపల పొయ్యి ఉన్నది!"

"కేంద్రమే పొయ్యి దగ్గరికి వచ్చింది సార్" అన్నాడు మస్తాన్.

"ఎవరు ఎవరి దగ్గరికి వచ్చిరన్నది అప్రస్తుతం. కేంద్రం లోపల నిప్పు ఉండరాదు. ఆశీర్వాదం! బకెట్!"

ఈసారి అడ్డుపడడానికి ఏ దశా మిగల్లేదని నాకు తెలిసిపోయింది. లేచి ఆశీర్వాదం చేతిలోంచి బకెట్ తీసుకున్నాను.

"నువ్వు పోయొద్దులే నాయనా. నా సేత్తో రాజేసినాను, నా సేత్తోనే ఆర్పుకుంటా. ఎవురో ఆర్పినారన్న మాట దానికొద్దు."

సుభాషిణి రేడియో పక్కన పెట్టేసింది. మంట వైపు చూశాను. అప్పుడే పెట్టిన కట్టె కొస అంటుకుంటోంది. బకెట్ ఎత్తాను. ఆశీర్వాదం నా చేయి పట్టుకున్నాడు.

"సార్" అన్నాడు, బోర్డు వైపు చూపిస్తూ. "దీన్ని ఆర్పేకి మనకు అధికారం లేదు సార్. ఇది సర్కారు నిప్పు."

పరాంకుశరావు గారు బోర్డు చదివారు. తాను రాయించినదే అయినా మళ్ళీ మొదటి నుంచి చదివారు. ఆయన మొహంలో రంగు మారింది.

"ఆర్పరాదు" అన్నారు నెమ్మదిగా.

"ఆర్పరాదు సార్."

"ఇచట ఉంచరాదు."

"ఉంచరాదు సార్."

"అయిన యెడల తరలింపబడవలెను. సంపూర్ణ అగ్ని భద్రత గల భవనమునకు."

"అట్లాంటిది ఈ ఆవరణలో ఒకటే ఉండాది సార్" అన్నాడు ఆశీర్వాదం. తలెత్తాడు. సార్ తలెత్తారు. మేమందరం తలెత్తాం. పైన గాజు గది ఎండకు తళతళలాడుతోంది.

"టవర్‌లోకి ఉద్యోగులకు ప్రవేశం లేదు కద సార్" అంది సుభాషిణి, నవ్వు బిగపట్టుకొని.

"ఈమె ఉద్యోగి కాదు" అన్నారు సార్. ఆయన ఆజ్ఞ ప్రకారం, నిప్పు సరఫరా నిమిత్తం, తలుపుకు ఒక మినహాయింపు దొరికింది.

అమ్మవారి ఊరేగింపు కూడా అంత ఘనంగా జరగదు. ముందు ఎర్ర బండి గంట కొట్టుకుంటూ నడిచింది. వెనక ఇనుప గంపలో మండే నిప్పులు మోస్తూ ఇద్దరు. వాళ్ళ వెనక నా బాండ్లి, శనగపిండి, బొరుగుల మూట. ఆ వెనక కుర్చీలో నేను. టవర్‌కూ, షెడ్డుకూ నడుమ దూరం పిలిస్తే పలికేంతే. అయినా ఎర్ర బండి సైరన్ ఆపలేదు. ఊరివాళ్ళు గేటు దగ్గర నిలబడి దండం పెట్టారు. ఎవరికి పెట్టారో నేను అడగలేదు.

చలి గోడకూ, వేడి గోడకూ మధ్యలో, రెండూ సరిసమానంగా తగిలే చోట నా పొయ్యి పెట్టించుకున్నాను. తిరగమోత వేసిన ప్రతిసారీ గంట మోగుతుంది. మోగినప్పుడల్లా కింద జవాను 'పరీక్ష విజయవంతం' అని రాసుకుంటాడు. బుట్ట ఇప్పుడు పైనుంచి నిండుగా దిగి, కిందినుంచి ఖాళీగా వస్తోంది. పరాంకుశరావు గారికి పదోన్నతి వచ్చింది. ఈ పద్ధతిని 'నల్లబండ నమూనా' అని అన్ని టవర్లకూ పంపుతున్నారట. ప్రతి టవర్‌పైనా ఒక ప్రమాణ అవ్వ ఉండవలెనని, అవ్వ లభించని ప్రాంతాల్లో తత్సమాన అర్హత గల అమ్మమ్మను నియమించవచ్చునని అందులో ఉందని మస్తాన్ చెప్పాడు. వాడు చెప్పేవన్నీ నిజాలు కావు. కానీ ఇది అయ్యుంటుంది.

ఒక్కటే చిక్కు. షెడ్డులో నుంచి రన్‌వే సరిగ్గా కనపడదు. మస్తాన్ మంచం మీద బల్ల వేసుకొని ఎక్కడాన్ని, ఎత్తైన చోట పనిచేసేటప్పటి భద్రతా నియమాల కింద నిషేధించారు.

ఈ పొద్దు బజ్జీలు వేస్తుంటే కిందినుంచి సుభాషిణి కేక వేసింది.

"అవ్వా! విమానం దిగుతానంటాంది! దారి సూడు!"

గరిటె పట్టుకొని గాజు దగ్గరికి పోయాను. దూరంగా విమానం, దీపమంత ఉంది. కింద రన్‌వే పొడుగునా ఎండ. దాని నడుమ గొల్ల ఈరన్న మేకలు, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు వరుసగా కూర్చున్నాయి.

"మేకలు ఉండాయమ్మా!"

"అయ్యో! మరి ఏం సెప్పల్ల అవ్వా?"

"ఒక సుట్టు తిరిగి రమ్మను తల్లీ. మేకలు లేచే లోపల ఈ వాయి కూడా అయిపోతుంది."

కింద ఆ పిల్ల ఇంగ్లీషులో తేనెలా ఏదో చెప్పింది. ఆకాశంలో విమానం బుద్ధిగా రెక్క వంచి పక్కకు మళ్ళింది. నేను పొయ్యి దగ్గరికి వచ్చి, మంట ఇంకొంచెం ఎగదోసి, బజ్జీలు తిరగేశాను.